2027 జనవరి 1కి ఇవతలా అవతలా: ఒక గుంతకల్లు అమ్మాయి బ్రిటన్ వీసా కేసు

అనంతపురంలో విదేశీ చదువులకు వెళ్లే పిల్లలకు కౌన్సెలింగ్ చేస్తాను. ఏ దేశం, ఏ కోర్సు, ఎంత లోన్, వీసా కాగితాలు, ఇవే నా రోజువారీ పనులు. ఈమధ్య ఆఫీసుకు వచ్చే తల్లిదండ్రులు కుర్చీలో కూర్చోకముందే అడిగే మాట ఒకటే, "చదువు అయిపోయినాక ఆడ ఎన్నాళ్లు ఉండనిస్తారు సార్?" బ్రిటన్ విషయంలో దీనికి రెండేళ్లు అనో ఏడాదిన్నర అనో ఒక్క ముక్కలో చెప్పేస్తే వాళ్లను తప్పుదారి పట్టించినట్టే. ఒకే క్లాసులో పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరికి 24 నెలలు, ఇంకొకరికి 18 నెలలు వచ్చే పరిస్థితి ఇప్పుడు ఉంది. ఆ తేడా కాలేజీని బట్టీ రాదు, మార్కులను బట్టీ రాదు, చదువు తర్వాత ఉండనిచ్చే వీసాకు ఏ తేదీన అప్లై చేశారన్నదాన్ని బట్టి వస్తుంది. అది ఎలాగో అర్థం కావాలంటే ఒక కేసు మొదటినుంచి చెప్పాలి. ఇంట్లోవాళ్లను అడిగి, వాళ్లు సరేనన్నాకే రాస్తున్నాను. పేర్లు, యూనివర్సిటీ చెప్పను.

అమ్మాయిది గుంతకల్లు. నాన్న రైల్వేలో టెక్నీషియన్, 2028లో రిటైర్మెంట్. అమ్మ ఇంటి దగ్గరే మిషన్ కుడుతుంది, తమ్ముడు బీటెక్ రెండో సంవత్సరం. అమ్మాయి అనంతపురంలో ఈసీఈ చదివి, బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ పని చేసింది. జీతం ఏడాదికి నాలుగు లక్షల లోపే, అందులో సగం పీజీ హాస్టల్‌కూ బస్సులకూ పోయేది. ఎంఎస్సీ డేటా అనలిటిక్స్ చేయాలని తనే పట్టుబట్టింది. ఐఈఎల్‌టీఎస్‌లో 6.5 వచ్చింది, లండన్‌కు దూరంగా ఉన్న ఒక యూనివర్సిటీ నుంచి 2025 సెప్టెంబర్‌కు ఆఫర్ కూడా వచ్చింది. ఫీజు 16,500 పౌండ్లు.

తండ్రీకూతుళ్లు నా దగ్గరికి వచ్చింది 2025 జూన్‌లో. అంతకు ముందు నెల, మే 12న, బ్రిటన్ ప్రభుత్వం వలసల మీద శ్వేతపత్రం పెట్టింది. చదువు తర్వాత ఉద్యోగం చూసుకోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసాను రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గిస్తామని అందులో ఉంది. ఎప్పటినుంచి అనేది మాత్రం అప్పటికి చెప్పలేదు. ఆయన టెన్షన్ అంతా అదే. "మొదట రెండేండ్లు అంటిరి, ఇప్పుడు ఏడాదిన్నర అంటున్నారు, రేపు పాప ఆడ దిగేసరికి ఏమీ లేదంటే మా గతేంది సార్?" అన్నాడు.

ఆయన భయాన్ని కొట్టిపారేయడానికి లేదు. ఒకసారి అలా జరిగింది కూడా. బ్రిటన్‌లో పాత పోస్ట్ స్టడీ వర్క్ వీసాను 2012 ఏప్రిల్‌లో ఎత్తేశారు. ఆ తర్వాత గ్రాడ్యుయేట్ రూట్, అంటే ఇప్పటి గ్రాడ్యుయేట్ వీసా, 2021 జూలై 1న మొదలయ్యేదాకా, మధ్యలో తొమ్మిదేళ్లు, డిగ్రీ చేతికి రాగానే వీసాకు పూచీ పడే కంపెనీ, అంటే స్పాన్సర్, దొరికితే ఉండాలి, లేకపోతే మూట సర్దుకోవాలి. 2024 జనవరి నుంచి మాస్టర్స్ చదివేవాళ్లు భార్యనో భర్తనో వెంట తీసుకెళ్లే వీలు కూడా తీసేశారు, రీసెర్చ్ కోర్సులకు తప్ప. కాబట్టి ఇవాళ ఉన్న రూలు రేపు ఉంటుందని నమ్మి లోన్ తీసుకోవద్దని నేను అందరికీ చెబుతాను. రూలు మారినా కట్టగలిగినంతే తీసుకోవాలి.

అందుకే ముందు లోన్ దగ్గర కూర్చున్నాం. ఆయన 34 లక్షలు తీయాలనుకున్నాడు. ఫీజు సుమారు 19 లక్షలు. అప్పటి రూలు ప్రకారం లండన్ బయట నెలకు 1,136 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల ఖర్చు, అంటే 10,224 పౌండ్లు చూపించాలి, అది దాదాపు 12 లక్షలు. వీసా ఫీజు, అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం ముందే కట్టే హెల్త్ సర్‌చార్జ్, టికెట్ కలిపి ఇంకో మూడు లక్షలు. మొత్తం లోన్‌లోనే పెట్టేస్తే, పదిన్నర శాతం వడ్డీకి పదేళ్ల గడువు వేసుకున్నా నెలకు దాదాపు 46 వేల కిస్తు. అమ్మాయి ఏ కారణంగానైనా తిరిగొచ్చి బెంగళూరులో ఆరు లక్షల ఉద్యోగంలో చేరితే చేతికి వచ్చేదే అంత ఉండదు, అప్పటికి నాన్న రిటైర్ అయి ఉంటాడు.

ఆ లెక్క కాగితం మీద వేసి ఆయన ముందు పెట్టాను. చాలాసేపు దానివైపే చూశాడు. తర్వాత ఆయనే, పీఎఫ్‌లోంచి కొంత తీస్తాను, ఇంట్లో ఆమె చీటీ పాడిన డబ్బు ఉంది, పది లక్షలు నేను చూసుకుంటాను, లోన్ 24 లక్షలకు ఆపుదాం అన్నాడు. 24 లక్షలకు కిస్తు 32 వేల పైచిలుకు. అదీ భారమే, కానీ ఇంటికి వచ్చేసినా ఈడ్చుకురాగల భారం. ఆ అమ్మాయికి లండన్‌లో ఇంకో ఆఫర్ కూడా ఉండేది, దాన్ని అక్కడే పక్కన పెట్టించాను. లండన్ అయితే అప్పట్లో నెలకు 1,483 పౌండ్లు చూపించాలి, తొమ్మిది నెలలకు 3,123 పౌండ్లు ఎక్కువ. అక్కడి అద్దెలకు నిజంగా అయ్యే ఖర్చు ఇంకా ఎక్కువే.

లోన్ దగ్గర అసలు చిక్కు వచ్చింది. తనఖా పెట్టాలనుకున్న గుంతకల్లు ఇల్లు తాత పేరు మీద ఉంది, తాత పోయి ఆరేళ్లయింది. బ్యాంకు లాయరు ఈసీ, లింక్ డాక్యుమెంట్లు చూసి, అమ్మాయి మేనత్తలిద్దరూ తమ వాటా వదులుకుంటున్నట్టు రిలీజ్ డీడ్ రాసిస్తే తప్ప లీగల్ ఒపీనియన్ ఇవ్వనన్నాడు. ఒక మేనత్త ఆదోనిలో, ఇంకొకావిడ బళ్లారిలో. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని, ఇద్దరినీ ఒకే రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు రప్పించి సంతకాలు పెట్టించేసరికి జూలై సగం దాటింది. పెద్ద మేనత్త ఒక్క మాట కూడా అనకుండా సంతకం పెట్టి, "పాప బాగా చదువుకోనీ, మా పాప పెండ్లికి మాత్రం రావల్ల" అందట. ఆ పెళ్లి సంగతి మళ్లీ వస్తుంది.

ఈ ఆలస్యం చూసి వేరే ఊళ్లో ఒక ఏజెన్సీవాళ్లు ఫోన్ చేసి, ఎందుకండీ ఈ హడావిడి, 2026 జనవరి ఇన్‌టేక్‌కు మార్చేసుకోండి, 2 వేల పౌండ్ల స్కాలర్‌షిప్ ఇప్పిస్తాం అన్నారు. రెండు లక్షల పైన డబ్బు, పైగా కాగితాలకు టైం దొరుకుతుంది. ఆయన మెత్తబడ్డాడు. నేను వద్దన్నాను. తగ్గించబోతున్నామని ప్రభుత్వం చెప్పింది, తేదీ చెప్పలేదు, అలాంటప్పుడు నాలుగు నెలలు వెనక్కి జరిగితే ఏ గీతకు అవతల పడతామో తెలియదు. స్కాలర్‌షిప్ ఎంత, ఆరు నెలల జీతం ఎంత? కొత్తగా చేరే గ్రాడ్యుయేట్‌కు స్పాన్సర్ చేసే కంపెనీ ఇవ్వాల్సిన కనీస జీతం 33,400 పౌండ్లు, పన్నులు పోగా నెలకు 2,300 పౌండ్ల దాకా చేతికి వస్తుంది. ఆరు నెలలకు అది 13,800 పౌండ్లు. ఉద్యోగం వస్తేనే అనుకోండి, కానీ ఉద్యోగం వెతుక్కోవడానికి ఉండే టైం విలువ ఏమిటో ఆ అంకెతో అర్థమవుతుంది.

ఆగస్టులో లోన్ శాంక్షన్ అయింది. ఇంటి డబ్బు అకౌంట్‌లో 28 రోజులు కదలకుండా ఉండాలి, లోన్ లెటర్‌కు ఆ 28 రోజుల లెక్క లేదు. ఆ రెండింటినీ కలిపి తేదీలు సరిచూసుకుని, టీబీ టెస్టూ బయోమెట్రిక్స్ బెంగళూరులోనే చేయించి, వీసా తెప్పించాం. సెప్టెంబర్‌లో అమ్మాయి విమానం ఎక్కింది.

అక్టోబర్‌లో వచ్చిన ఫోన్

2025 అక్టోబర్ 14న బ్రిటన్ పార్లమెంటులో రూల్స్ మార్పు పత్రం పెట్టారు. అప్పుడు తేదీ ఖాయమైంది. 2027 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ గ్రాడ్యుయేట్ వీసాకు అప్లై చేసినవాళ్లకు 18 నెలలు. 2026 డిసెంబర్ 31 లోపల అప్లై చేసినవాళ్లకు పాత పద్ధతిలోనే రెండేళ్లు. పీహెచ్‌డీ వాళ్లకు ఎప్పటిలాగే మూడేళ్లు.

ఇక్కడ జనం ఎక్కువగా పొరబడుతున్నారు. "నేను 2025లోనే చేరాను, నాకు పాత రూలే" అనుకునేవాళ్లు చాలామంది నాకు ఫోన్ చేశారు. చేరిన తేదీకీ దీనికీ సంబంధం లేదు. స్టూడెంట్ వీసా వచ్చిన తేదీకీ లేదు. గ్రాడ్యుయేట్ వీసాకు అప్లై చేసిన తేదీ ఒక్కటే చూస్తారు. అలాగని మనకు ఇష్టమొచ్చిన రోజు అప్లై చేయలేం. కోర్సు పాసైనట్టు యూనివర్సిటీ ముందుగా వీసాలు చూసే బ్రిటన్ హోం ఆఫీసుకు తెలియజేయాలి, అమ్మాయి స్టూడెంట్ వీసా ఇంకా నడుస్తూ ఉండాలి, మనిషి బ్రిటన్‌లోనే ఉండాలి.

మన అమ్మాయికి ఇది ఎలా వర్తిస్తుందంటే, కోర్సు 2026 సెప్టెంబర్ చివర్లో ముగుస్తుంది. ఏడాది మాస్టర్స్‌కు వీసా కోర్సు ముగిశాక ఇంకో నాలుగు నెలలు ఇస్తారు కాబట్టి ఆ వీసా 2027 జనవరి చివరి దాకా ఉంటుంది. గ్రాడ్యుయేట్ వీసా అప్రూవ్ అయిన రోజు నుంచి లెక్కపెడతారు, అందుకే ఇన్నేళ్లూ సీనియర్లు జూనియర్లకు ఇచ్చే సలహా ఏమిటంటే, తొందరపడి అప్లై చేయకు, స్టూడెంట్ వీసా చివరి వారం దాకా ఆగు, రెండు నెలలు ఊరికే కలిసొస్తాయి అని. ఇప్పటిదాకా అది తెలివైన సలహానే. ఈ బ్యాచ్‌కు మాత్రం అదే సలహా పాటిస్తే ఒక నెల కలిసొచ్చి ఆరు నెలలు పోతాయి. 2025 సెప్టెంబర్‌లో చేరిన పిల్లలున్న ప్రతి ఇంట్లో ఈ సంగతి తెలియాలి. వాట్సాప్ గ్రూపుల్లో పాత సలహా ఇంకా తిరుగుతూనే ఉంది.

అక్టోబర్‌లో అమ్మాయి ఫోన్ చేసింది మాత్రం దీని గురించి కాదు. అదే కోర్సుకు ప్లేస్‌మెంట్ ఇయర్‌తో, అంటే చదువులో భాగంగా ఒక ఏడాది కంపెనీలో పనితో, రెండేళ్ల వెర్షన్ ఉంది, క్లాసులో చాలామంది దానికి మారిపోతున్నారు. "ఒక ఏడాది ప్లేస్‌మెంట్, ఆ తర్వాత 18 నెలలు, మొత్తం 30 నెలలు సార్. ఇట్లయితే 24 నెలలే కదా, నేనూ మారిపోనా?" అంది. లెక్క చూస్తే తనదే రైటు. కానీ ఆ 12 నెలలు స్టూడెంట్ వీసా మీద ఉంటాయి, కోర్సులో భాగం. ప్లేస్‌మెంట్ యూనివర్సిటీ ఇవ్వదు, మనమే వెతుక్కోవాలి, గడువు లోపల దొరక్కపోతే తిరిగి ఏడాది కోర్సుకే పంపేస్తారు. మారితే వీసా పొడిగింపు, మళ్లీ ఫీజు, మళ్లీ హెల్త్ సర్‌చార్జ్. లోన్ మీద వడ్డీ ఇంకో ఏడాది, 24 లక్షలకు అది రెండున్నర లక్షల పైమాట.

నేను తనకు చెప్పింది ఇదీ: చేతిలో ప్లేస్‌మెంట్ ఆఫర్ ఉండి, అది జీతం ఇచ్చేదై, ఆ కంపెనీకి స్పాన్సర్ లైసెన్స్ ఉంటే కళ్లు మూసుకుని మారిపో. ఒక ఏడాది నీ పని చూసిన కంపెనీ నిన్ను నిలబెట్టుకునే అవకాశం ఎక్కువ, దానికోసం ఆరు నెలలు వదులుకున్నా నష్టం లేదు. ఆఫర్ లేకుండా, అందరూ మారుతున్నారని మారకు. నవంబర్ చివరి దాకా ప్రయత్నించింది, రెండు ఇంటర్వ్యూలు అయ్యాయి, రాలేదు. ఏడాది కోర్సులోనే ఉండిపోయింది. ఆ రెండు ఇంటర్వ్యూలు తర్వాత పనికొచ్చాయని తనే చెప్పింది, డేటాబేస్‌లకు వాడే ఎస్‌క్యూఎల్ మీద తన పట్టు ఎంతో అక్కడే తెలిసిందట.

మూడు ప్రశ్నల ఈమెయిల్

ఏడాది కోర్సే అని తేలాక 2026 డిసెంబర్ 31 లోపల అప్లై చేయడమే మొత్తం పని అయింది. దానికి యూనివర్సిటీ నుంచి రాతపూర్వకంగా కొన్ని తేదీలు కావాలి. అమ్మాయి చేత ప్రోగ్రామ్ ఆఫీసుకు ఈమెయిల్ పెట్టించాను. మూడే ప్రశ్నలు. డిసర్టేషన్, అంటే చివరి ప్రాజెక్టు రిపోర్టు, సమర్పణకు చివరి తేదీ ఏది? ఆ ఫలితాలను ఖరారు చేసే ఎగ్జామ్ బోర్డు ఎప్పుడు కూర్చుంటుంది? బోర్డు అయ్యాక పాసైన విషయం హోం ఆఫీసుకు ఎన్నాళ్లలో తెలియజేస్తారు?

జవాబు రావడానికి రెండు వారాలు పట్టింది. డిసర్టేషన్ సెప్టెంబర్ మొదటి వారంలో ఇవ్వాలి, బోర్డు నవంబర్ మొదట్లో, హోం ఆఫీసుకు సమాచారం నవంబర్ నెలాఖరుకల్లా. అంటే అప్లై చేయడానికి ఒక నెల పైన టైం ఉంటుంది. ఇక్కడిదాకా బాగానే ఉంది. అదే జవాబు చివర్లో ఇంకో వాక్యం ఉంది, అది చదివాక ఈ కేసు నడిపే తీరే మార్చుకున్నాం. గడువు పొడిగింపు, అంటే ఎక్స్‌టెన్షన్, తీసుకున్నవాళ్లవి, ఏదైనా సబ్జెక్టు మళ్లీ రాసేవాళ్లవి 2027 ఫిబ్రవరి బోర్డుకు వెళతాయి.

ఎక్స్‌టెన్షన్ అనేది అక్కడ మామూలు విషయం. జ్వరం వచ్చిందనో, డేటా సెట్ అందలేదనో పిల్లలు రెండు వారాలు అడుగుతారు, ఇస్తారు, మార్కులు కూడా తగ్గించరు. కానీ ఈ బ్యాచ్‌లో ఆ రెండు వారాల ఖరీదు ఆరు నెలలు. ఫిబ్రవరి బోర్డు అంటే స్టూడెంట్ వీసా కూడా ముందే అయిపోతుంది, దాన్ని పొడిగించుకోవడం ఇంకో తలనొప్పి. ఒక్క సబ్జెక్టులో ఫెయిలైనా ఇదే కథ. అందుకని జనవరి పరీక్షలప్పుడు అమ్మాయి చేస్తున్న పార్ట్‌టైమ్ షిఫ్టులు తగ్గించుకోమన్నాను. టర్మ్‌లో వారానికి 20 గంటలకు మించి చేయకూడదు, కనీస వేతనం అప్పట్లో గంటకు 12.21 పౌండ్లు, కాబట్టి నిండా చేసినా వారానికి 244 పౌండ్లు. నాలుగు వారాలు మానేస్తే వెయ్యి పౌండ్లు పోతాయి, నిజమే. నాన్నతో మాట్లాడి ఆ వెయ్యి పౌండ్లు ఇంటి నుంచి పంపించాం. అన్ని సబ్జెక్టులూ పాసైంది.

ఇంకో సంగతి. మాస్టర్స్ వాళ్లకు వేసవి సెలవులు ఉండవు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా డిసర్టేషన్ కాలం కూడా టర్మ్ కిందికే వస్తుంది. డిగ్రీ పిల్లలు ఫుల్‌టైమ్ చేస్తున్నారని చూసి మనవాళ్లు కూడా 40 గంటలు చేస్తే అది వీసా ఉల్లంఘన. గ్రాడ్యుయేట్ వీసా అప్లికేషన్ దగ్గర ఇలాంటిది బయటపడితే 24 నెలలూ లేదు, 18 నెలలూ లేదు.

పెళ్లి సంగతి చెప్తానన్నాను కదా. పెద్ద మేనత్త కూతురి పెళ్లి 2026 డిసెంబర్ మొదటి వారంలో అనుకుంటున్నారు. ఈమె రావాలి, వచ్చి జనవరిలో వెళ్లాలి అని ఇంట్లో అనుకున్నారు. వస్తే ఏమవుతుంది? అప్లై చేయకుండా వస్తే, తిరిగి వెళ్లి జనవరిలో అప్లై చేయాలి, అంటే 18 నెలలు. అప్లై చేసి నిర్ణయం రాకముందే బ్రిటన్ దాటి వస్తే అప్లికేషన్ వెనక్కి తీసుకున్నట్టే లెక్క. నిర్ణయానికి ఎనిమిది వారాల దాకా పట్టొచ్చు. నవంబర్ చివర్లో అప్లై చేస్తే డిసెంబర్ మొదటి వారానికి వీసా వచ్చేస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాబట్టి పెళ్లికి రావడానికి వీల్లేదు.

ఈ మాట మేనత్తకు ఎలా చెప్పాలన్నదే ఆ ఇంట్లో ఇప్పుడు అన్నిటికంటే పెద్ద సమస్య. నాన్న నాతో, "ఇంటి మీద సంతకం పెట్టిన మనిషి సార్, ఆమెకు రాలేనని ఎట్ల చెప్పేది?" అన్నాడు. నేనే ఆదోనికి ఫోన్ చేసి మాట్లాడాను. "అక్కా, నవంబర్ నుంచి నిర్ణయం వచ్చేదాకా పాప దేశం దాటకూడదు, దాటితే ఆరు నెలల ఉద్యోగం పోతుంది" అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, ఫిబ్రవరిలో వస్తే ఒడిబియ్యం పెడతాను, ముందు పని చూసుకోమనండి అంది. కన్సల్టెన్సీలో కూర్చుని రూల్స్ చెప్పడం తేలిక, ఆ రూలు ఎవరి మీద పడుతుందో వాళ్లకు చెప్పడం కూడా మన పనే అని నేను అనుకుంటాను.

ఇంకా డబ్బు దగ్గర

గ్రాడ్యుయేట్ వీసాకు అప్లై చేసే రోజు ఒకేసారి కట్టాల్సింది ఎంతో చాలా ఇళ్లలో తెలియదు. అప్లికేషన్ ఫీజు 2025 ఏప్రిల్‌లో 880 పౌండ్లు చేశారు. హెల్త్ సర్‌చార్జ్ ఏడాదికి 1,035 చొప్పున రెండేళ్లకు 2,070. ఆ లెక్కన మొత్తం 2,950 పౌండ్లు, పౌండు 115 రూపాయలు వేసుకున్నా మూడు లక్షల ముప్పై తొమ్మిది వేలు. ఎడ్యుకేషన్ లోన్‌లో దీనికి మామూలుగా పద్దు ఉండదు. నవంబర్‌లో పిల్ల ఫోన్ చేసి అడిగితే తండ్రి నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెస్తాడు, ఇది నేను చాలా ఇళ్లలో చూశాను. ఈ కేసులో ముందే ఒక రికరింగ్ డిపాజిట్ పెట్టించాను, అక్టోబర్‌కు ఆ డబ్బు చేతికొస్తుంది. ఫీజులు ఇంకొంచెం పెరిగినా సరిపోయేలా పైన కొంత కలిపి పెట్టాం.

ఇక అసలు ప్రశ్న. 24 నెలలు వచ్చాయి, ఆ తర్వాత? కంపెనీ స్పాన్సర్ చేసే ఉద్యోగ వీసా, అంటే స్కిల్డ్ వర్కర్ వీసాకు, మామూలు జీతం గీత 2024 ఏప్రిల్‌లో 38,700 పౌండ్లు చేశారు, 2025 జూలై 22 నుంచి 41,700 చేశారు. అదే రోజు నుంచి ఉద్యోగం డిగ్రీ స్థాయిది అయి ఉండాలని కూడా పెట్టారు. కొత్తగా చేరే గ్రాడ్యుయేట్లకు 33,400, లేదా ఆ ఉద్యోగానికి నిర్ణయించిన రేటులో 70 శాతం, రెండిట్లో ఏది ఎక్కువైతే అది. ఈ తగ్గింపు జీతం మొత్తం నాలుగేళ్లే, అందులో గ్రాడ్యుయేట్ వీసా మీద గడిపిన కాలం కూడా కలుస్తుంది. అంటే రెండేళ్లూ గ్రాడ్యుయేట్ వీసా మీదే గడిపి చివర్లో స్పాన్సర్ తెచ్చుకుంటే తగ్గింపు రెండేళ్లే మిగులుతుంది. ఏడాదికే స్పాన్సర్ దొరికితే, అయ్యో ఇంకో ఏడాది వీసా ఉంది కదా, వృథా అవుతుందని ఆగాల్సిన పనే లేదు, వెంటనే మారిపోవడమే మంచిది. కంపెనీల వైపు నుంచి కూడా ఖర్చు పెరిగింది, విదేశీ ఉద్యోగిని స్పాన్సర్ చేస్తే వాళ్లు ప్రభుత్వానికి కట్టే స్కిల్స్ చార్జ్ 2025 డిసెంబర్ 16 నుంచి 32 శాతం ఎక్కువైంది, చిన్న కంపెనీలు స్పాన్సర్ అనగానే వెనకాడుతున్నాయి.

అందుకే అమ్మాయి చేత ఇప్పుడు చేయిస్తున్న పని, ప్రభుత్వ సైట్‌లో అందరికీ కనిపించేలా పెట్టిన లైసెన్స్ ఉన్న స్పాన్సర్ల జాబితాలోంచి తన ఊరికి గంటన్నర దూరంలోపు ఉన్న కంపెనీలను ఏరడం. బీమా కంపెనీలు, ఆసుపత్రి ట్రస్టులు, రిటైల్ గోడౌన్ల హెడ్డాఫీసులు, ఇలాంటివి. తర్వాత వాటి పాత ఉద్యోగ ప్రకటనలు చూసి, జీతం 33 వేల పైన రాసినవి విడిగా పెట్టుకోవడం. ఎనలిస్ట్ అనే పేరు చూసి సంతోషపడొద్దని గట్టిగా చెప్పాను. ఒకే ఎనలిస్ట్ అన్న మాట కింద ప్రభుత్వం ఉద్యోగాలను విడదీసి ఇచ్చిన వేర్వేరు ఆక్యుపేషన్ కోడ్‌లు ఉంటాయి, ఏ కోడ్ డిగ్రీ స్థాయిదో, ఏది కాదో, దాని రేటు ఎంతో చూడకుండా ఇంటర్వ్యూకు వెళితే ఆఫర్ వచ్చాక స్పాన్సర్ చేయలేమంటారు. ఈ వెతుకులాట డిసర్టేషన్ అయ్యాక చూద్దాంలే అనుకుంటే కుదరదు, కొత్తగా చదువు ముగించినవాళ్లను తీసుకునే పెద్ద కంపెనీల గ్రాడ్యుయేట్ స్కీములు ఏడాది ముందే తెరుచుకుని మూసుకుంటాయి. డిసర్టేషన్ టాపిక్ కూడా ఆ దృష్టితోనే మార్చుకుంది. మొదట సోషల్ మీడియా సెంటిమెంట్ అని ఏదో పెట్టుకుంది, ఇప్పుడు ఆసుపత్రి అపాయింట్‌మెంట్లకు రానివాళ్లను ముందుగా అంచనా వేయడం మీద చేస్తోంది. ఆ ఊళ్లో ఎక్కువ ఉద్యోగాలు ఆసుపత్రులవే.

మధ్యలో నాన్న తమ్ముడి గురించి అడిగాడు. వాడిని అమెరికానో కెనడానో పంపితే ఈ గొడవ ఉండదు కదా అని. ఉంటుంది, వేరే రూపంలో. కెనడాలో 2024 నవంబర్ 1 నుంచి పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్‌కు భాషా పరీక్ష స్కోరు పెట్టారు, కాలేజీ డిప్లొమాలైతే కొన్ని రంగాలకే ఇస్తున్నారు, చూపించాల్సిన డబ్బు 2025 సెప్టెంబర్‌లో 22,895 కెనడా డాలర్లు చేశారు. అమెరికాలో చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీ 12 నెలలు, సైన్స్, ఇంజనీరింగ్ కోర్సులకు ఇంకో 24 నెలలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ తర్వాత హెచ్1బీ లాటరీ. 2025 సెప్టెంబర్‌లో పెట్టిన లక్ష డాలర్ల ఫీజు అక్కడే చదివి అక్కడే స్టేటస్ మార్చుకునేవాళ్లకు వర్తించదని చెప్పారు గానీ, అక్కడ రూల్స్ వేగంగా మారుతున్నాయి. తమ్ముడు బీటెక్ ముగించేసరికి ఇవన్నీ ఎలా ఉంటాయో చూసి అప్పుడు మాట్లాడుకుందాం, ఈలోపల అక్క లోన్ తేలకుండా ఇంకో లోన్ మాట ఎత్తొద్దు అన్నాను. ఆయన ఒప్పుకున్నాడు.

ఈ కేసు ఇంకా ముగియలేదు. ఇది రాస్తున్న 2026 మొదట్లో అమ్మాయి రెండో సెమిస్టర్‌లో ఉంది. తన గదిలోనే ఉండే తాడిపత్రి అమ్మాయి ఒకామె 2026 జనవరిలో చేరింది. ఆమెకు ఎలా లెక్కపెట్టినా 18 నెలలే. నాకు ఫోన్ చేసి, "అయితే నేను నష్టపోయినట్టేనా సార్?" అని అడిగింది. కాదమ్మా అన్నాను. నీకు డిసెంబర్ 31 టెన్షన్ లేదు, జ్వరం వస్తే రెండు వారాలు ఎక్స్‌టెన్షన్ తీసుకోవచ్చు, పెళ్లిళ్లకు ఎప్పుడు రావచ్చో కూడా ముందే తెలుసు. కానీ ఉద్యోగానికి వెతుకులాట కోర్సు ముగిశాక మొదలుపెట్టే వీలు నీకు లేదు. ఈ సెప్టెంబర్‌లో తెరిచే గ్రాడ్యుయేట్ స్కీములకు, అంటే డిసర్టేషన్ రాస్తూనే, నువ్వు అప్లై చేసి ఉండాలి. ఆ జాబితా గుంతకల్లు అమ్మాయి దగ్గర ఉంది, ఇద్దరూ ఒకే టేబుల్ మీద కూర్చుని పంచుకోండి అని చెప్పాను.